ఒక్క విల్మా కాదు, నలభై మంది!



ఏటా మన హాస్టల్ వార్షికోత్సవం వస్తుంది. వారం ముందునుంచే హడావుడి మొదలవుతుంది. రంగు కాగితాలు కత్తిరించి తోరణాలు కడతాం. మైకు సెట్టు అతను పొద్దున్నే వచ్చి హలో హలో అంటూ ఊరంతా లేపుతాడు. ఆటల పోటీలన్నీ ఆ వారంలోనే. వంద మీటర్ల పరుగు, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, చిన్న తరగతుల వాళ్ళకు కప్పగంతులు, చెంచాలో నిమ్మకాయ. గెలిచినవాళ్ళకు స్టీలు గ్లాసో, సబ్బు పెట్టో ఇస్తారు. పెద్దలు పక్కన నిలబడి ఫొటో దిగుతారు. మరునాటికి సున్నం గీతలు చెరిగిపోతాయి. మళ్ళీ ఏడాది దాకా ఆ గ్రౌండ్‌లో విజిల్ మోగదు.

ఎవరినో నిందించాలని ఈ మాటలు రాయడం లేదు. మేమూ ఇదే వరండాలో ట్రంకు పెట్టెలు వరసగా పెట్టుకుని చదివినవాళ్ళమే. ఇదే మెస్‌లో పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడ్డవాళ్ళమే. పూర్వ విద్యార్థులుగా ఈ సంచికలో ఏదో ఒకటి రాయమంటే, ఉద్యోగాలు వచ్చినవాళ్ళ జాబితా, ఊరడించే నాలుగు మాటలు రాసి ఇవ్వడం మాకు అలవాటైపోయింది. ఈసారి అలా కాకుండా ఒక విషయం తేల్చుకుందామని రాస్తున్నాం.

విషయం ఇది. పూర్వ విద్యార్థుల సంఘంలో ఈ ఏడు కొంత చందా పోగైంది. దానితో హాస్టల్ ముఖద్వారానికి ఆర్చి కట్టిద్దామని కొందరు అంటున్నారు. వెనక ఉన్న గ్రౌండ్ చదును చేయించి, పిల్లలకు రోజూ ఆట నేర్పే మనిషిని పెడదామని కొందరు అంటున్నారు. మొన్న జరిగిన మీటింగులో మాటలు పెరిగాయి గానీ తేలలేదు. మేము రెండో పక్షం. ఎందుకో చెప్పడానికి ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి.

మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు. పేరు రాస్తే అతనికి ఇష్టం ఉండదేమో, రాయడం లేదు. ఉత్త కాళ్ళతో పరుగెత్తేవాడు. జోనల్ పోటీల్లో నాలుగు వందల మీటర్లలో ఫస్టు వచ్చాడు. జిల్లాకు వెళ్ళాల్సిన రోజూ, ప్రీ ఫైనల్ పరీక్ష రోజూ ఒకటే అయ్యాయి. పెద్దలు వద్దన్నారు. మేమేమన్నాం? 'పరుగెత్తితే కూడు పెడుతుందా? కూర్చుని చదువుకో' అన్నాం. వాడు ఆగిపోయాడు. మార్చిలో లెక్కల్లో ఫెయిలయ్యాడు. ఆట మానేసినంత మాత్రాన లెక్కలు రావుగా! లెక్కలు నేర్పే మనిషి వాడికి అప్పుడూ లేడు, ఆట నేర్పే మనిషీ లేడు. ఆ తర్వాత చదువు వదిలేసి పనికి వెళ్ళాడు. ఇప్పటికీ వార్షికోత్సవానికి వస్తాడు. వంద మీటర్ల పందెం జరిగేటప్పుడు గీత దగ్గరే నిలబడతాడు.

ఆట వేరు, చదువు వేరు, పేదపిల్లలు ఒకటే ఎంచుకోవాలి అని మనకు నూరిపోశారు. మనం దాన్ని నమ్మి, మన తర్వాత వాళ్ళకూ నూరిపోశాం. ఇది అబద్ధమని చూపించిన చోటు ఒకటుంది. దాని గురించి తెలుసుకున్నాకే మేము గ్రౌండ్ పక్షాన గట్టిగా నిలబడ్డాం. ఆ చోటు అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, నాష్‌విల్ నగరం. అక్కడి టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ.

నల్లవాళ్ళ కాలేజీ

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ కాలేజీల్లో నల్లవాళ్ళకు సీటు ఇచ్చేవారు కాదు. హోటల్లో కలిసి కూర్చోనిచ్చేవారు కాదు. బస్సులో ముందు సీటు ఇచ్చేవారు కాదు. మంచినీళ్ళ కుళాయి కూడా వేరే. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకు ఇది వేరే విడమరిచి చెప్పక్కర్లేదు. నల్లపిల్లల కోసం పెట్టిన కాలేజీల్లో ఇదొకటి. 1912లో 247 మంది విద్యార్థులతో మొదలైంది. సర్కారు కాలేజీయే గానీ తెల్లవాళ్ళ యూనివర్సిటీకి వచ్చే డబ్బు దీనికి ఎక్కడిది? ఉన్నదానితోనే నెట్టుకొచ్చారు. టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ అనే పేరు 1968లో వచ్చింది.

1946లో పెన్సిల్వేనియా రాష్ట్రం హారిస్‌బర్గ్ నుంచి ఎడ్ టెంపుల్ అనే కుర్రాడు ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాడు. తనూ పరుగు పందేల మనిషే. 1950లో డిగ్రీ పూర్తయింది. పైచదువు చదువుకుంటూనే క్యాంపస్‌లోని పోస్టాఫీసు చూసుకోవాలి, ఆడపిల్లల పరుగు జట్టుకు కోచింగ్ ఇవ్వాలి, నెలకు 150 డాలర్లు ఇస్తామన్నారు. సరేనన్నాడు. ఆ తర్వాత సోషియాలజీ పాఠాలు చెప్పాడు. 1994లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. అంటే నలభై ఏళ్ళకు పైగా ఒకే చోట, ఒకే పని.

పక్కా ట్రాక్ ఉండేది కాదు, మట్టి దారి. స్కాలర్‌షిప్పులు లేవు. జట్టులోని ఆడపిల్లలు రోజుకు రెండు గంటలు క్యాంపస్‌లో ఏదో ఒక పని చేసి, ఆ పనికి బదులుగా చదువుకునేవారు. పోటీలకు వెళ్ళాలంటే టెంపుల్ కారులో ఇరుక్కుని వందల మైళ్ళు ప్రయాణం. దారిలో హోటళ్ళలో రానివ్వరు, కాబట్టి అన్నం కట్టుకుని వెళ్ళేవారు. బాత్‌రూమ్ వాడుకోనివ్వరు, పొలాల గట్ల చాటుకు వెళ్ళాల్సిందే. ఆయన భార్య చార్లీ బి ఆ పిల్లల బట్టలు తన ఇంట్లో ఉతికి పెట్టేది. ఆ జట్టుకు 'టైగర్‌బెల్స్' అని పేరు.

ఆ మట్టిదారి మీద పరుగు నేర్చుకుని ఒలింపిక్స్‌కు వెళ్ళినవాళ్ళు టెంపుల్ లెక్కలో 40 మంది. తెచ్చిన పతకాలు 23. అందులో బంగారం 13, వెండి 6, కంచు 4. ఈ అంకెలు గొప్పవే. కానీ మాకు వీటికంటే గొప్పగా తోచిన అంకె ఇంకోటుంది. ఆ 40 మందిలో 39 మంది డిగ్రీ పూర్తిచేశారు.

ఈ 39ని మన హాస్టల్ గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలని మా కోరిక.

విల్మా కథలో మనం వదిలేసేది

విల్మా రుడాల్ఫ్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్పేవాళ్ళకు ఆమె కథ అంటే మహా ఇష్టం. 1940లో టెన్నెసీలోని క్లార్క్స్‌విల్ దగ్గర పుట్టింది. తండ్రి రెండు పెళ్ళిళ్ళ మీద 22 మంది సంతానంలో ఈమె ఇరవయ్యో బిడ్డ. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. కాలికి ఇనుప పట్టీ వేసుకుని నడిచింది. ఆ పిల్లే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వంద మీటర్లు, రెండు వందల మీటర్లు, రిలే మూడింటిలో బంగారు పతకాలు గెలిచింది. ఒకే ఒలింపిక్స్‌లో పరుగు పందేల్లో మూడు బంగారు పతకాలు గెలిచిన మొదటి అమెరికా మహిళ ఆమె. సంకల్పం ఉంటే సాధించలేనిది లేదు అని చెప్పి, చప్పట్లు కొట్టించి, క్లాసు ముగిస్తారు.

ఆ కథ అబద్ధం కాదు. కానీ అలా చెప్పడం మాకు నచ్చదు. అలా చెబితే వినే పిల్లవాడికి మిగిలేది ఏమిటి? నాకు సంకల్పం తక్కువ, అందుకే నేను ఓడిపోయాను అనుకోవడమే. లెక్కల మాస్టారు లేని తప్పూ, గ్రౌండ్ లేని తప్పూ వాడి నెత్తినే పడుతుంది.

వదిలేసిన సంగతులు చూడండి. విల్మా కాలు దానంతట అది బాగుపడలేదు. తల్లి ఆమెను వారం వారం బస్సులో యాభై మైళ్ళ దూరం నాష్‌విల్‌కు తీసుకెళ్ళేది. అక్కడ నల్లవాళ్ళ కోసం ఉన్న మెహారీ మెడికల్ కాలేజీలో వైద్యం చేశారు. ఇంట్లో అందరూ వంతులేసుకుని కాలు మర్దనా చేశారు. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడుతుంటే రిఫరీగా వచ్చిన టెంపుల్ చూశాడు. ఎండాకాలం సెలవుల్లో యూనివర్సిటీలో తను పెట్టే క్యాంపుకు రమ్మన్నాడు. అలా హైస్కూలు పిల్లలను ఏటా పిలిచి, క్యాంపస్‌లో ఉంచి, యూనివర్సిటీ పిల్లలతో కలిపి పరుగెత్తించడం ఆయన పద్ధతి. బాగా చేసినవాళ్ళకు చదువుకునే దారి చూపించేవాడు.

1956లో ఒలింపిక్స్‌కు సెలెక్షన్ పోటీలు జరిగాయి. అప్పటికి విల్మాకు పదహారేళ్ళు, స్కూలు పిల్ల. భయపడిపోయింది. అదే జట్టులో మే ఫాగ్స్ అనే సీనియర్ ఉంది. 1952 హెల్సింకీలో రిలే బంగారు పతకం తెచ్చిన మనిషి. నేనేం చేస్తే నువ్వూ అది చెయ్యి, నా పక్కనే ఉండు అని ధైర్యం చెప్పింది. ఇద్దరూ కలిసే జట్టులోకి వచ్చారు. ఆ ఏడు మెల్‌బోర్న్‌లో అమెరికా ఆడపిల్లల రిలే జట్టుకు కంచు పతకం వచ్చింది. మే ఫాగ్స్, మార్గరెట్ మాథ్యూస్, విల్మా రుడాల్ఫ్, ఇసబెల్ డేనియల్స్. నలుగురూ టెంపుల్ పిల్లలే.

1960 రోమ్ రిలేలో బంగారం గెలిచిన నలుగురు ఎవరు? మార్తా హడ్సన్, లూసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, విల్మా రుడాల్ఫ్. ఈసారీ నలుగురూ అదే యూనివర్సిటీ. ఒక్క విల్మా వస్తే అదృష్టం అనుకోవచ్చు. ఒక దేశం రిలే జట్టు మొత్తం ఒకే క్యాంపస్ నుంచి, అదీ రెండు ఒలింపిక్స్‌లు వరసగా వస్తే దాన్ని అదృష్టం అనలేం. అక్కడ ఒక పద్ధతి ఉందన్నమాట. చెప్పేవాడున్నాడు, చేయిపట్టి నడిపే సీనియర్లున్నారు, రోజూ తెల్లారేసరికి గ్రౌండ్‌లో ఉండాలన్న కట్టుబాటుంది.

కట్టుబాటు గురించి ఒక ముచ్చట. ఆలస్యంగా వస్తే నిమిషానికో చుట్టు ఎక్కువ పరుగెత్తాలని టెంపుల్ నియమం. ఒకనాడు విల్మా నిద్ర లేవక ముప్పై నిమిషాలు ఆలస్యమైంది. ముప్పై చుట్లు పరుగెత్తించాడు. మరునాడు ఆమె ముప్పై నిమిషాలు ముందే వచ్చి ట్రాక్ మీద కూర్చుంది. మన స్టడీ అవర్ బెల్లు మోగినా దుప్పటి ముసుగు తీయనివాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మేమూ ఒకప్పుడు ఆ ముసుగులోనే ఉన్నాం లెండి!

ఇంకో నియమం మార్కులది. మార్కులు పడిపోతే జట్టులో చోటు లేదు. ఎంత వేగంగా పరుగెత్తినా సరే. పరుగు ఎన్నాళ్ళుంటుంది? కాలు బెణికితే ఒక్క రోజులో పోతుంది. డిగ్రీ పోదు. విల్మా 1962లో పోటీలు మానేసింది, అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళే. 1963లో డిగ్రీ తీసుకుని టీచరుగా చేరింది. తను చదివిన స్కూల్లో కోచింగ్ ఇచ్చింది. ఆ రోజుల్లో ఒలింపిక్స్ పతకానికి డబ్బు రాదు. మూడు బంగారు పతకాలు ఇంట్లో ఉన్నా, అన్నం పెట్టింది డిగ్రీయే.

మిగతావాళ్ళు

వయోమియా టైయస్‌ది జార్జియాలోని గ్రిఫిన్. తండ్రి పాల ఫారంలో పనివాడు. ఆమెకు పదిహేనేళ్ళప్పుడు చనిపోయాడు. టెంపుల్ ఎండాకాలం క్యాంపు ఆమెకు ఇంకో దారి చూపింది. 1964 టోక్యోలో వంద మీటర్ల బంగారు పతకం. 1968 మెక్సికో సిటీలో మళ్ళీ అదే పందెంలో బంగారు పతకం. వరసగా రెండు ఒలింపిక్స్‌ల్లో వంద మీటర్లు గెలవడం అంతకుముందు ఆడవాళ్ళలో గానీ, మగవాళ్ళలో గానీ ఎవరివల్లా కాలేదు. కార్ల్ లూయిస్ పేరు మనకందరికీ తెలుసు. ఆయన ఆ పని చేసింది 1984, 1988ల్లో. ఇరవై ఏళ్ళ ముందు చేసిన టైయస్ పేరు ఎంతమందికి తెలుసు? నల్లదీ, ఆడదీ అయినందుకే ఆమె పేరు వెనక్కి పోయిందని మా నమ్మకం. అదే 1968లో పిడికిళ్ళు ఎత్తినందుకు టామీ స్మిత్, జాన్ కార్లోస్‌లను ఇంటికి పంపేశారు. టైయస్ తన రిలే పతకాన్ని వాళ్ళిద్దరికీ అంకితం చేసింది.

ఎడిత్ మెగ్వైర్ 1964లో రెండు వందల మీటర్లు గెలిచింది. మేడలిన్ మానింగ్ 1968లో ఎనిమిది వందల మీటర్లు గెలిచింది. చాండ్రా చీజ్‌బరో 1984 లాస్ ఏంజిలిస్‌లో రెండు రిలేల్లో బంగారు పతకాలు, నాలుగు వందల మీటర్లలో వెండి పతకం తెచ్చింది. 1994లో టెంపుల్ రిటైరయ్యాక ఆయన కుర్చీలో కూర్చున్నది ఈమే. అక్కడ చదివినవాళ్ళే తిరిగి అక్కడికి వచ్చి తర్వాతివాళ్ళకు నేర్పారు. పూర్వ విద్యార్థులంటే ఏమిటో దీన్నిబట్టి నేర్చుకోవచ్చు. మనం ఏడాదికోసారి వచ్చి, శాలువా కప్పించుకుని, భోజనం చేసి వెళుతున్నాం.

మగపిల్లల్లో రాల్ఫ్ బోస్టన్ ఉన్నాడు. మిసిసిపీలోని లారెల్ ఊరివాడు. పదిమంది సంతానంలో కడగొట్టు. 1935 నుంచి ఎవరూ చెరపలేకపోయిన జెస్సీ ఓవెన్స్ లాంగ్ జంప్ రికార్డును 1960లో 8.21 మీటర్లు దూకి చెరిపేశాడు. ఆ ఏడే రోమ్‌లో బంగారం, 1964లో వెండి, 1968లో కంచు. బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ మెక్‌లెండన్ సంగతి ఇంకా వింత. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ దగ్గర కాన్సస్ యూనివర్సిటీలో ఆట శాస్త్రం నేర్చుకున్నాడు. కానీ నల్లవాడని అక్కడి జట్టులో ఆడనివ్వలేదు. ఆడనివ్వని మనిషి కోచ్ అయి, నాష్‌విల్‌లో ఈ యూనివర్సిటీ జట్టుకు 1957, 1958, 1959ల్లో వరసగా మూడు జాతీయ టైటిళ్ళు తెచ్చిపెట్టాడు. ఏకలవ్యుడి బొటనవేలు తెగని కథ ఇది.

ఆటకూ ఆత్మగౌరవానికీ మధ్య

ఆటల్లో పడితే పిల్లలు ఉద్యమాలకూ, హక్కులకూ దూరమవుతారని మనలో కొందరు పెద్దలు అంటుంటారు. ఆ మాటలో కొంత నిజముంది. పతకం చూపించి నోరు మూయించడం పాలకులకు తెలిసిన విద్యే. కానీ 1960 ఏడాది చూడండి. ఆ ఏడు ఫిబ్రవరి నుంచి నాష్‌విల్‌లో నల్ల విద్యార్థులు తెల్లవాళ్ళ హోటల్ కౌంటర్ల దగ్గర కూర్చుని లేవకుండా నిరసన తెలిపారు. వాళ్ళలో ఈ యూనివర్సిటీ వాళ్ళూ ఉన్నారు. దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్ళారు. మే నెలలో ఆ కౌంటర్లు అందరికీ తెరుచుకున్నాయి. సెప్టెంబరులో విల్మా రోమ్‌లో గెలిచింది. అక్టోబరు 4న సొంత ఊరు క్లార్క్స్‌విల్‌లో ఊరేగింపు పెట్టారు. నల్లవాళ్ళను వేరు, తెల్లవాళ్ళను వేరు నిలబెడితే నేను రాను అని ఆమె చెప్పింది. చివరికి ఆ ఊరు చరిత్రలో మొదటిసారి రెండు రంగులవాళ్ళూ కలిసి ఊరేగింపులో నడిచారు, కలిసి విందులో కూర్చున్నారు. ఇరవై ఏళ్ళ ఆడపిల్ల, తన పతకాలతో ఊరిని వంచింది.

అలాగని ఆ యూనివర్సిటీ చేసిందంతా ఒప్పు అని మేము అనడం లేదు. 1961లో ఫ్రీడం రైడ్స్‌లో పాల్గొని బస్సులెక్కిన 14 మంది విద్యార్థులను అదే యూనివర్సిటీ పేరు కొట్టేసి బయటకు పంపింది. సర్కారు డబ్బుతో నడిచే చోటు కదా, పైవాళ్ళ ఒత్తిడి. 2008లో వాళ్ళకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చి తప్పు దిద్దుకుంది. నలభై ఏడేళ్ళు పట్టింది. పతకం తెచ్చినవాళ్ళకు దండ, ప్రశ్నించినవాళ్ళకు టీసీ. ఇది మనకూ తెలియని సంగతి కాదు.

మరో మాట కూడా చెప్పాలి. మట్టి ట్రాక్ మీద పరుగెత్తి గెలిచారు కాబట్టి మట్టి ట్రాకే మంచిదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. టెంపుల్ పేరుతో ఆ యూనివర్సిటీలో మంచి ట్రాక్ వచ్చింది గానీ, అప్పటికే ఆయన పిల్లలు ప్రపంచాన్ని గెలిచేశారు. ముందే ఉంటే ఇంకెంతమంది వచ్చేవారో! లేమిని తట్టుకుని గెలిచినవాళ్ళను పొగుడుదాం, లేమిని మాత్రం పొగడొద్దు. ఇది మన హాస్టళ్ళకు చాలా అవసరమైన మాట.

మన దగ్గర లేదా?

అమెరికా కథలు మనకెందుకు అంటారేమో. మన దగ్గరా ఉన్నాయి. 1956లో విల్మా మొదటి పతకం గెలిచిన మెల్‌బోర్న్‌లోనే మన దేశ ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే అత్యుత్తమం. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషి. ఉస్మానియాలో చదివాడు, బడిలో పాఠాలు చెప్పాడు. 1960లో విల్మా రోమ్‌లో ఉన్నప్పుడు ఆయనా తన జట్టుతో అక్కడే ఉన్నాడు. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ పేదింటి బిడ్డ తులసీదాస్ బలరాం హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. టెంపుల్ లాగే రహీం కూడా బడిపంతులే. ఇద్దరూ చేసి చూపించింది ఒకటే, పిల్లలను వదలకుండా పట్టుకుని కూర్చునే టీచరుంటే చాలా జరుగుతుంది.

ఇంకా దగ్గరికి రండి. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. ఆమెతోపాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా వాడు, అతనూ గురుకుల విద్యార్థే. అగసర నందిని తండ్రి టీ అమ్ముకునే మనిషి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న ఆ అమ్మాయి 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో ఏడు ఈవెంట్లు కలిసే హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కంచు పతకం తెచ్చింది. 2025లో ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 5941 పాయింట్లతో బంగారం తెచ్చింది. మన దుప్పట్లు, మన పళ్ళేలు, మన సాంబారు నుంచి వెళ్ళినవాళ్ళే వీళ్ళు!

గురుకులాల్లో జరిగింది మామూలు హాస్టళ్ళలో ఎందుకు జరగలేదు? గురుకులంలో బడీ, బసా ఒకటే. ఆట నేర్పేవాళ్ళు అక్కడే ఉంటారు. మన హాస్టల్ పిల్లలు బడికి ఒక చోటికి వెళ్ళి, రాత్రికి ఇంకో చోటికి వస్తారు. బడిలో పీఈటీ సార్ ఉంటే సాయంత్రం నాలుగున్నరకు ఆయన ఇంటికి, మనం హాస్టల్‌కు. నాలుగున్నర నుంచి ఆరున్నర స్టడీ అవర్ దాకా ఉన్న ఆ రెండు గంటలు ఎవరివీ కావు. ఆ రెండు గంటలే మనం పోగొట్టుకుంటున్నది.

మేము అడిగేది

అందుకే పూర్వ విద్యార్థులకు మా విన్నపం. ఆర్చి తర్వాత కట్టుకుందాం. ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరి పేరు కింద ఉండాలి అని తగువులాడుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళున్నాయి. ముందు ఆ గ్రౌండ్‌లో కంకర ఏరించి, తుమ్మ చెట్లు కొట్టించి, చదును చేయిద్దాం. ఖాళీగా కనిపించే జాగా మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి కన్ను ఉంటుంది. రోజూ పిల్లలు పరుగెత్తే జాగాను ఆక్రమించడం అంత తేలిక కాదు.

రెండోది, మిగిలిన డబ్బుతో ఆ రెండు గంటలకు ఒక మనిషిని పెడదాం. వ్యాయామ విద్య చదివి ఉద్యోగం రాని పూర్వ విద్యార్థులు మనలోనే ఉన్నారు. వాళ్ళకు నెల నెలా ఇంతని ఇద్దాం. చందా అడిగితే తడబడేవాళ్ళు నెలకోసారి వచ్చి విజిల్ పట్టుకున్నా చాలు.

మూడోది, టెంపుల్ నియమం ఇక్కడా పెడదాం. పరుగు జట్టులో ఉండాలంటే లెక్కల్లో, ఇంగ్లీషులో పాస్ మార్కులు ఉండాలి. మార్కులు తగ్గితే జట్టు నుంచి తీసేయడంతో ఆగకుండా, ఆ పిల్లవాడికి ట్యూషన్ చెప్పే బాధ్యత కూడా మనదే. నేర్పకుండా శిక్షించడం మాత్రమే అయితే అది మా బ్యాచ్‌వాడికి జరిగిందే అవుతుంది.

నాలుగోది, ఆడపిల్లల హాస్టల్‌కు గ్రౌండ్ లేదు. ఈ గ్రౌండ్‌లో వారానికి మూడు సాయంత్రాలు వాళ్ళవి కావాలి. ఆ సాయంత్రాలు మగపిల్లలు గోడ మీద కూర్చుని ఈలలు వేయకుండా చూసుకోవడం సీనియర్ల పని. పైన చెప్పిన 40 మందీ ఆడపిల్లలే అని మరిచిపోవద్దు.

ఇక హాస్టల్లో ఉంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీలో అందరూ ఒలింపిక్స్‌కు వెళతారని మేము చెప్పడం లేదు. మీలో ఒక్కరు కూడా వెళ్ళకపోవచ్చు. అయినా సాయంత్రం ఒళ్ళు అలిసేలా ఆడుకోవడం మీ హక్కు. వేగంగా పరుగెత్తే పిల్ల మీ పక్క మంచం మీద ఉంటే, మే ఫాగ్స్ చేసినట్టు ఆమెను పక్కన నిలబెట్టుకోండి. మేము చేసినట్టు 'పరుగెత్తితే కూడు పెడుతుందా' అని అనకండి.

1995లో టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ ఆడపిల్లల కోసం ఒక కొత్త హాస్టల్ కట్టి దానికి విల్మా రుడాల్ఫ్ పేరు పెట్టింది. ఆమె అంతకు ముందు ఏడాదే, 1994 నవంబరు 12న, కన్నుమూసింది. టెంపుల్ 2016లో పోయాడు. ఇప్పుడు ఆ హాస్టల్లో చదువుకునే పిల్లలు రోజూ ఆమె పేరు కిందుగా లోపలికి వెళ్ళి, బయటికి వస్తుంటారు. ముఖద్వారం మీద పేరు పెట్టుకోవడానికి మేమేమీ వ్యతిరేకం కాదు. పేరు పెట్టదగ్గ మనిషిని ముందు ఆ గ్రౌండ్ నుంచి రానిద్దాం అంటున్నాం, అంతే.

వార్షికోత్సవం మరునాడు సాయంత్రం అయిదింటికి మేము పారలు, గంపలు తీసుకుని గ్రౌండ్ దగ్గరికి వస్తున్నాం. మా బ్యాచ్‌వాడికి కూడా కబురు చేశాం. మొదటి రోజు విజిల్ అతని చేతికే ఇద్దామని అనుకుంటున్నాం. మీరూ రండి.

జై భీమ్!

— పూర్వ విద్యార్థులు